గాజుతొట్టిలో కాపురం

పెళ్లి సంబంధాలు కుదర్చడంలో మా బంధువర్గంలో నాకు కాస్త పేరుంది. నేను చెయ్యి వేసిన ఏడు సంబంధాల్లో ఆరు నిక్షేపంలా సాగుతున్నాయి. ఏడోదాని సంగతి నా ఎదుట ఎవరూ ఎత్తరు. అటువంటివాడిని, పన్నెండు చేపలను ఒక తొట్టిలో కూర్చలేక పక్షం తిరక్కుండా పదింటిని పోగొట్టుకున్నానంటే మీరు నవ్వవచ్చు. మా ఇంట్లో మాత్రం ఆ పక్షం రోజులూ ఎవరూ నవ్వలేదు.

తొట్టి కొందామన్నది మా ఆవిడ. మా అబ్బాయీ కోడలూ ఉద్యోగాల మీద సింగపూరు వెళ్తూ, అక్కడ ఇల్లూ బడీ కుదురుకొనేదాకా ఉంచుకొమ్మని మనవరాలిని సత్యవేడులో మా దగ్గర దించిపోయారు. పిల్లకు ఎనిమిదేళ్లు. అల్లరి పిల్ల అయినా బాగుండేది. పెట్టింది తినేది, చెప్పింది వినేది, బడి నుంచి వచ్చి వీధి అరుగు మీద కూర్చుని ఊత్తుకోట వైపు పోయే బస్సులు లెక్కపెట్టేది. పక్కింటి పిల్లలు పిలిస్తే "రేపు వస్తా" అనేది. ఆ రేపు ఎన్నడూ రాలేదు.

"ఏమండీ, ఈ పిల్ల ఇంటికి వచ్చిన చుట్టం మాదిరి ఉండాది. ఏదైనా ప్రాణమున్నది తెచ్చిపెట్టండి, చూసుకుంటుంది" అంది మా ఆవిడ.

కుక్క అంటే ఆవిడకు మడి. పిల్లి అంటే నాకు తుమ్ములు. చిలకను పంజరంలో పెట్టి పెంచడం చట్టం ఒప్పదు. మిగిలినవి చేపలు.

మా ఊరికి కొంత దూరంలో ఒక పట్టణంలో బస్టాండు పక్కన చేపల దుకాణం ఉంది. ఊరూ పేరూ చెప్పను. తప్పులో సగానికి పైగా నాది. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపితే యాభై ఆరు లీటర్లు పడుతుంది. అడుగున రాళ్లూ, పైన ఖాళీ పోను నలభై అయిదు లీటర్లనుకోండి. ఈ లెక్క నాకు ఆనాడు తోచలేదు. చీరల దుకాణంలో మా ఆవిడలాగే నేనూ రంగులు చూసి ఎంచాను. బంగారు చేపలు రెండు. గొడుగులా రెక్కలు విప్పుకొని తిరిగే ఏంజెల్ చేపలు రెండు. ఒంటిమీద నల్ల పట్టెలున్న టైగర్ బార్బులు మూడు. నీలం గీత మెరిసే నియాన్ టెట్రాలు మూడు. నెమలి తోకలాంటి తోకతో ఒక ఫైటర్. "ఇది పాచి తిని తొట్టి కడిగేస్తుంది సార్" అని దుకాణదారు చివర్లో కొసరినట్టు అంటగట్టిన నల్లటి సక్కర్ చేప ఒకటి. మొత్తం పన్నెండు. ఒక్కొక్కటి ఒక్కొక్క దేశపుది. ఐక్యరాజ్యసమితిని సంచిలో పోయించుకొని బస్సెక్కాను.

ఆ సాయంత్రం మా మనవరాలు అరుగు మీదికి పోలేదు. తొట్టి ముందు చాప పరుచుకొని కూర్చుంది. ఒక్కొక్కదానికీ పేరు పెట్టింది. రాత్రి భోజనం కూడా అక్కడే. మా ఆవిడ నా వంక చూసి కళ్లతోనే మెచ్చుకుంది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో అలాంటి చూపులు నాకు లెక్కకు వచ్చేటన్ని మాత్రమే దక్కాయి.

మర్నాడు ఉదయానికే ఏంజెల్ చేపల కింది రెక్కలు, ఆ పొడవాటి మీసాలవంటివి, కుచ్చులు కుచ్చులుగా తెగిపోయి ఉన్నాయి. ఫైటర్ తోక ఎలుక కొరికిన చీర చెంగులా ఉంది. ఎవరు చేశారా అని కాపు కాశాను. టైగర్ బార్బులు! వేలాడే రెక్క కనబడితే కొరక్కుండా ఉండలేని జాతి అది. ఎనిమిదీ పదీ ఉంటే తమలో తాము తరుముకుంటూ కాలక్షేపం చేస్తాయి. రెండో మూడో ఉంటే ఊళ్లోవాళ్ల మీద పడతాయి. మా ఆవిడ ఫైటర్‌ను గరిటెతో తీసి పాత హార్లిక్స్ సీసాలో వేసింది. ఆ పని చేసింది గనుకనే అది బతికింది.

మూడో రోజు నియాన్‌లలో ఒకటి కనబడలేదు. తొట్టి వెనక, బల్ల కింద, అంతా వెతికాం. తెగిన మీసాలతోనే ఏంజెల్ చేప దాన్ని ఫలహారం చేసిందని నాకు తరవాత తెలిసింది. చేపల లోకంలో నోట్లో పట్టేది మేత, పట్టనిది పొరుగు. వాటికి అంతకు మించిన చుట్టరికం తెలియదు.

అయిదో రోజు నుంచి అన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. నీళ్లు మురికయ్యాయి కాబోలునని నేను మొత్తం నీళ్లు తోడేసి, రాళ్లూ స్పాంజీ కొళాయి కింద పెట్టి బరబర తోమి, కొత్త నీళ్లు పోశాను. అంత శుభ్రం మా వంటింట్లో కూడా ఉండదు. మర్నాటికి రెండు పోయాయి. ఆ మర్నాటికి మూడు. బంగారు చేపలు అన్నిటికన్నా ఆలస్యంగా పోయాయి. ఒకటి పోయాక రెండోది ఒక రోజంతా ఒక మూల నిలబడి ఉంది. దొరికిన తొమ్మిదింటినీ పెరట్లో మామిడిచెట్టు కింద పూడ్చాం. పిల్ల ఏడవలేదు. గుంట పూడ్చాక చేతులు కడుక్కుంటూ అడిగింది.

"నేను ఎక్కువ మేత వేసినందుకా తాతా?"

"కాదమ్మా" అన్నాను. ఎందుకు కాదో నాకు తెలియదు. తెలియకుండా అన్నాను గనుక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆవిడ మరో బాణం వేసింది. "పక్కన నాగలాపురంలో మత్స్యావతారం ఎత్తిన స్వామి ఉండాడు. ఆయన ఎదట మనం చేసిన పని ఇది" అంది.

ఆ మాట మీదే వచ్చే శనివారం నాగలాపురం వెళ్లాం. అక్కడి వేదనారాయణ స్వామి గుడి ఎరగని పాఠకులకు ఒక మాట. సోమకాసురుడు దొంగిలించిన వేదాలను మళ్లీ తెచ్చిన విష్ణువు అక్కడ మూలవిరాట్టు. నడుము పైన దేవుడు, కింద చేప. కృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు మీద ఆ ఊరికి పేరు పెట్టాడని చెబుతారు. ఏటా మార్చి చివరి వారంలో కొన్ని సాయంత్రాలు దిగిపోయే సూర్యుడి కిరణాలు గర్భగుడి దాకా సాగి స్వామిని తాకుతాయి. ఆ రోజుల్లో అయితే గుడిలో కాలు మోపడానికి చోటుండదు. మేం వెళ్లిన రోజు ప్రాకారంలో తాపీగా కూర్చుని పిల్లకు మత్స్యావతారం కథ చెప్పాను.

మనువు తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఒక చిన్న చేప వచ్చింది. కాపాడమంది. కమండలంలో వేశాడు. తెల్లారేసరికి కమండలం చాలలేదు. కుండలో వేశాడు. కుండ చాలలేదు. చెరువులో వేశాడు, ఏట్లో వేశాడు, చివరికి సముద్రానికి తీసుకుపోయాడు. ఇంతవరకు చెప్పి నాలిక కరుచుకున్నాను. తొట్టి కొనే ప్రతివాడూ మొదట తెలుసుకోవలసిన సంగతి ఈ కథలోనే ఉంది! చిన్నప్పుడు వేలెడంత ఉన్నది వేలెడంతే ఉండిపోతుందన్న పూచీ ఏమిటి? నేను కొన్న బంగారు చేపలు బతికి బట్టకడితే జానెడు దాటేవి; మామూలు రకమైతే అడుగు దాకా పెరుగుతుంది. పాచి తింటుందన్న సక్కర్ చేప అడుగున్నర పెరుగుతుంది. దాన్నే మన రైతులు దెయ్యపుచేప అంటున్నారు. దక్షిణ అమెరికా నుంచి అలంకారానికి వచ్చి, ఎవరో పెంచలేక విడిచిపెడితే మన చెరువుల్లో, కాలవల్లో చేరి వలలు చించుతున్నది ఆ జాతే. నిజం చెప్పాలంటే, మిగిలిన ఆ సక్కర్‌ను పుణ్యానికని అరణియార్‌లో వదిలేద్దామని నేనూ అనుకున్నాను. సమయానికి ఈ సంగతి చదివాను. చదవకపోతే ఏటికి దెయ్యాన్ని దానం చేసి, పైగా దణ్ణం కూడా పెట్టుకొని వచ్చేవాణ్ణి.

"మరి మనువుకు ముందే చెప్పి ఉండచ్చు కదా, నేను పెద్దగా అవుతానని" అంది పిల్ల. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ తరవాత నెల రోజులు నేను చదివినంత పరీక్షలకు కూడా చదవలేదు. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. చేప విసర్జించేదీ, తినకుండా మిగిలిన మేత కుళ్లినదీ కలిసి నీళ్లలో అమోనియా అవుతుంది. అది చేపకు విషం. రాళ్లకూ స్పాంజికీ అంటుకొని బతికే కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం జీవులు ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. అది కొంతవరకు ఫరవాలేదు. వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మార్చితే పోతుంది. కొత్త తొట్టిలో ఈ జీవులు కుదురుకోవడానికి నెలా, నెలన్నరా పడుతుంది. నేను మొదటి రోజే పన్నెండింటిని దింపాను. కుదురుకోబోతున్న ఆ కాసిని జీవులనూ అయిదో రోజు కొళాయి కింద తోమేశాను. పిల్ల వేసిన మేత ఎక్కువే. కాని అది లేకపోయినా అవి బతికేవి కావు. ఈ మాట ఈసారి తెలిసే చెప్పాను. పిల్ల విని, నోటు పుస్తకం తెచ్చి, "అమోనియా" అని పెద్ద అక్షరాలతో రాసుకుంది.

ఇక రెండో కొనుగోలు. ఈసారి కొళత్తూరు వెళ్దామనుకున్నాం. చెన్నైకి వాయవ్యంగా రెడ్‌హిల్స్ దారిలో ఉన్న పేట అది. అక్కడ వీధి వీధికీ చేపల దుకాణాలు. మిద్దెల మీదా పెరళ్లలోనూ సిమెంటు తొట్లు కట్టి రంగు చేపలను సాకి అమ్మే కుటుంబాలు ఎన్నో. ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా బస్సు. మాకు చెన్నై పరాయి ఊరేమీ కాదు. 1960 ఏప్రిల్ 1 దాకా మా సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలోదే. సరిహద్దులు సరిచేసినప్పుడు తిరుత్తణి అటు పోయి మేం ఇటు వచ్చాం. 2022 ఏప్రిల్‌లో మళ్లీ చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారాం. ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా ఇన్ని తొట్లు మారిన ఊరు మాది. అరవమూ తెలుగూ మాకు ఒకే నోట్లో ఉంటాయి.

కొళత్తూరులో మాకు దొరికింది ఒక పెద్దావిడ. ఇంటి వెనక పదిహేను తొట్లు. ఆవిడకు తెలుగు కొంచెం, నాకు అరవం కొంచెం. సక్కర్‌ను సంచితో సహా ముందుకు పెట్టి నా గోడు చెప్పుకున్నాను. ఆవిడ సంచి అందుకొని పెద్ద తొట్టిలో వేసి, కొంగుతో చేతులు తుడుచుకొని ప్రశ్నలు మొదలుపెట్టింది. పెళ్లిచూపులకు పోయినప్పుడు నేను వేసే ప్రశ్నలు ఆ మాత్రం సూటిగా ఉండవు.

"ఇంట్లో ఎవరెవరు ఉండారయ్యా?"

"నేను, మా ఆవిడ, ఈ పిల్ల."

"అది కాదు సామీ. తొట్టిలో."

"ఒక ఫైటర్. అదీ సీసాలో ఉంది."

"అది అట్లే ఉండనీ. సీసా చాలదు, ఇంకొంచెం పెద్దదిగా చూడు. తొట్టి ఎంత? నీళ్లు ఏ నీళ్లు?"

నీళ్ల సంగతి ఎవరైనా అడుగుతారనే నేననుకోలేదు. కృష్ణ నీళ్లు తెలుగుగంగ కాలవలో మా పక్కగానే సాగి ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగు పెడతాయి గాని, మా ఇంటికి మాత్రం బోరు నీళ్లే. కాచిన గిన్నెల అడుగున తెల్లగా సున్నం పొర కడుతుంది. ఆ మాట చెప్పగానే ఆవిడ నియాన్ టెట్రాల తొట్టి మీద గోనె కప్పేసింది! అవి అమెజాన్ అడవుల ఏళ్లలో పుట్టినవి. ఆకులు నానిన మెత్తని, కాస్త పులుపు నీళ్లు వాటి పుట్టిల్లు. సున్నపు నీళ్లలో ఉప్పురాని కూడులా నెట్టుకొస్తాయే గాని సుఖపడవు. బంగారు చేపకు చల్లని నీళ్లు కావాలి. మే నెలలో మా నట్టింట్లో నీళ్లే ముప్పై రెండు డిగ్రీలు దాటుతాయి. వేడెక్కినకొద్దీ నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. పైగా తినడం మెండు, మురికి మెండు, పెరుగుదల మెండు. ఏంజెల్‌కు ఎత్తయిన తొట్టి కావాలి. టైగర్ బార్బుల సంగతి నేనే చెప్పగలను.

"అందగత్తెలంతా పోయారే" అన్నాను.

"సున్నపు నీళ్లకు గప్పీ, మోలీ, ప్లాటీ. వాటికి ఆ నీళ్లంటేనే ఇష్టం" అంది ఆవిడ.

ఈ మూడూ గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. నెలకో పురుడు. గప్పీలు మగవి ఎక్కువైతే ఆడదాన్ని క్షణం ఊపిరి తీసుకోనివ్వవు. ఒక మగదానికి రెండో మూడో ఆడవి ఉండాలి. పోనీ, ఆడవాటినే కొంటే పురుళ్ల బాధ తప్పుతుందా అంటే అదీ లేదు. ఒకసారి మగదానితో కూడితే ఆ బీజాన్ని కడుపులో దాచుకొని నెలల తరబడి కంటూనే ఉంటుంది. మా ఆవిడ ఈ మాట విని చెంపలు వేసుకుంది. మోలీ మా తొట్టికి పెద్దదవుతుందని మానుకున్నాం. నాలుగు ప్లాటీలు తీసుకున్నాం. మగది ఒకటి, ఆడవి మూడు. కుంకుమ రంగు.

పిల్ల చూపు మాత్రం మరో తొట్టి మీద పడింది. నీలం, వెండి చారలతో, అంగుళం, అంగుళంన్నర చేపలు మెరుపుల్లా తిరుగుతున్నాయి. జీబ్రా చేపలు. అవి మన దేశపువే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన గంగానదీ ప్రాంతపు చేపల మీద రాసిన గ్రంథంలో వీటికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. డేనియో అన్న ఆ పేరు బెంగాలీ మాట "ధానీ" నుంచి వచ్చిందంటారు, వరిమళ్లదని అర్థం. మళ్లలో పుట్టిన ఈ చేప మీద ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటా పరిశోధనలు సాగుతున్నాయి. 1981లో అమెరికాలో స్ట్రైసింగర్ అనే శాస్త్రజ్ఞుడు దారి చూపాడు. మన హైదరాబాదు సీసీఎంబీలో కూడా వీటిని సాకుతున్నారు. పిండం గాజులా ఉండి లోపల గుండె కొట్టుకోవడం కంటికి కనబడుతుందట. ఎండా చలీ ఓర్చుకుంటుంది, నీళ్ల విషయంలో పట్టింపు తక్కువ. ఇంతటి పిల్లను పొరుగున పెట్టుకొని నేను అమెజాన్ సంబంధాలకు పోయాను.

"రెండు తీసుకుందాం తాతా. జోడీ" అంది పిల్ల.

"రెండు ఇవ్వను పాపా" అంది పెద్దావిడ. "ఆరు తీసుకో, లేకుంటే వద్దు. ఇది గుంపులో పుట్టిన చేప. రెండు పెడితే ఒకటి ఇంకొకదాన్ని తరుముతా ఉంటుంది. ఒకటే పెడితే మూల చేరి మేత కూడా తినదు."

పిల్ల ఆవిడ ముఖంలోకి కాసేపు చూసింది. తరవాత ఆరు లెక్కపెట్టింది.

తీరా డబ్బు ఇవ్వబోతే ఆవిడ చేపలు ఇవ్వలేదు! తన తొట్టిలోని పాత స్పాంజిలో ఒక ముక్క కత్తిరించి, తడి ఆరకుండా సంచిలో కట్టి ఇచ్చింది. "ముందు ఇది వేసి గాలి మోటారు తిప్పు. పాలకు తోడు వేసినట్టు. రోజూ చిటికెడు మేత వేస్తా ఉండు, జీవులకు తిండి. నెల పోయినాక రా" అంది. తోడు అన్న మాటతో నాకు నెల రోజుల చదువు ఒక్క క్షణంలో తలకెక్కింది. బయటికి వచ్చాక మా ఆవిడ అంది, "చూసినారా, పిల్లనిచ్చేవాళ్లు అట్లుండాలి" అని.

ఆ నెలంతా మా నట్టింట్లో చేపలు లేని తొట్టి. చూసినవారు నవ్వారు. మనవరాలు మాత్రం రెండు రోజులకోసారి గాజు గొట్టంలో నీళ్లు పట్టి పరీక్ష మందు చుక్కలు వేసేది. అమోనియా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. రంగు చూసి పుస్తకంలో రాసేది. పక్కింటి పిల్లలు ఆ చుక్కలు చూడడానికే వచ్చారు. చెరువులో నాచు పట్టుకొచ్చి కడిగి వేసింది వాళ్లే. వాళ్లలో ఒకడు కాలవలో వలేసి, తలమీద వెండిచుక్క మెరిసే చేపను, మన పొలాల గట్ల వెంట నీటి ఉపరితలాన తిరిగేదాన్ని, తెచ్చి వెయ్యబోతే పిల్ల అడ్డుపడింది. "అది పై అంతస్తులో ఉండి ప్లాటీ పిల్లల్ని తినేస్తుంది. మళ్లీ వదిలెయ్" అంది. పట్టిన కాలవలోనే మళ్లీ వదిలారు.

పసుపు రంగు వరసగా వారం నిలిచాక మళ్లీ వెళ్లి ముందు జీబ్రాలు ఆరింటిని, మూడు వారాలు ఆగి ప్లాటీలను తెచ్చాం. సంచిని అరగంట తొట్టి నీళ్ల మీద తేలనిచ్చి, తొట్టి నీళ్లు కాసిన్ని కాసిన్ని సంచిలో కలుపుతూ దింపాం. జిల్లా మారినట్టు కాదు కదా, చేపకు నీళ్లు మారడమంటే! జీబ్రాలు పై భాగంలో ఆరూ ఒకటిగా తిరిగాయి. ప్లాటీలు నడుమా, అడుగునా రాళ్లు వాసన చూస్తూ తిరిగాయి. ఒకరి దారికి ఒకరు అడ్డు రాలేదు. ఫైటర్‌కు పదిహేను లీటర్ల తొట్టి వేరే కొని, నాచు వేసి, కిటికీ పక్కన పెట్టాం.

ఇంతటితో ముగించేస్తే నాకూ సుఖంగానే ఉండేది. ఫిబ్రవరిలో మా అబ్బాయి ఫోన్ చేశాడు. అక్కడ ఇల్లు చిన్నదనీ, ఇద్దరూ పొద్దుపోయిందాకా పనిలోనే ఉంటారనీ, పిల్ల ఇప్పుడు బాగా కలిసిపోయింది కదా, ఇంకో రెండేళ్లు ఉంచుకుంటారా అనీ అడిగాడు. నేను ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికేమీ లేదు. నా మనసు ఎగిరి గంతేసింది. మా ఆవిడ అయితే అప్పుడే ఉగాదికి పట్టులంగా లెక్క వేసింది.

ఆ రాత్రి దీపం ఆర్పుతుంటే పిల్ల ఫైటర్ తొట్టి దగ్గర నిలబడి ఉంది.

"తాతా, ఇది ఒంటిగా ఉన్నా బాగుంటుంది కదా?"

"బాగుంటుందమ్మా. దాని జాతే అంత."

"జీబ్రా ఉండదు కదా?"

"ఉండదు."

కాసేపాగి అంది. "నేను ఏది తాతా?"

ఫోన్ మాటలు విన్నదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. పక్కింటి పిల్లలున్నారు కదా అన్నాను. అవ్వ ఉంది, నేనున్నాను అన్నాను. "ఊఁ" అంది. వచ్చిన కొత్తలో "రేపు వస్తా" అనేదే, ఆ గొంతు. పోయి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే, మా ఆవిడ లేవకముందు, అబ్బాయికి ఫోన్ చేశాను.

"ఇల్లు ఎంతరా?"

"రెండు గదులు నాయనా."

"ముగ్గురికి చాలుతుంది. జూన్‌లో వచ్చి పిల్లను తీసుకుపో."

వాడు ఏవో కారణాలు చెప్పబోయాడు. అవన్నీ నిజమైనవే. నేను జూన్ అని మళ్లీ అన్నాను. మా ఆవిడ ఈ సంగతి తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు పెట్టె సర్దడానికి ఏమేం కావాలో జాబితా రాయించింది.

ఇప్పుడు తొట్టి మా ఇద్దరిదీ. ఆదివారాలు వీడియోలో పిల్ల లెక్క అడుగుతుంది. జీబ్రాలు ఆరు. ప్లాటీలు పెద్దవి నాలుగు, నాచు చాటున దాక్కొని బతికి బయటపడిన పిల్లలు అయిదు. జీబ్రాల నోటికి ఎన్ని పోయాయో చెప్పను. ఫైటర్ కిటికీలో క్షేమం. పిల్ల అక్కడి బడిలో స్నేహితుల పేర్లు చెబుతుంది. నాలుగు దేశాల పేర్లు, నాకు నోరు తిరగవు. నిన్న ఫోన్ కెమెరాను తొట్టికి దగ్గరగా పెట్టమంది. పెట్టాను.

"తాతా, అడుగున తెల్లగా ఏంటది? మేత మిగిలిపోయిందా? ఎవరు అంత వేసింది?"

నా పక్కనే కూర్చున్న మా ఆవిడ మేత డబ్బాను మెల్లగా కొంగు చాటుకు తీసుకుంది.